జహేజ్ ఫెహ్‌రిస్త్‌లో కాపుచినో మిషన్



పోయిన నెల మా చెల్లెలి ఇంట్లో ఒక కాగితం నా చేతికొచ్చింది. మా భాంజాకి రిష్తా ఖాయమైంది. అమ్మాయి బీఎడ్ చదివింది. వాళ్ల అబ్బా లారీ మెకానిక్. నమాజ్, రోజా ఉన్న ఇల్లు, మంచి ఖాందాన్. మంగ్నీ తారీఖు మాట్లాడుకుందామని, ఇంటికి పెద్దవాణ్ణి కదా అని నన్ను పిలిచారు. అందరం కలిసి తిన్నాం. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక చెల్లెలు బీరువాలోంచి ఒక కాగితం తీసి, "భాయిజాన్, ఒకసారి చూడండి, ఏమైనా మర్చిపోయామేమో" అంది.

జహేజ్ ఫెహ్‌రిస్త్ అది. మంచం, పరుపు, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, ఏసీ, మిక్సీ, డిన్నర్ సెట్టు. మన ఇళ్లల్లో ఇవి ఎంత మామూలైపోయాయంటే, శర్మ్‌తో తల దించుకోవాల్సిన నేను కూడా కిరాణా చిట్టీ చదివినట్టు చదువుకుంటూ పోయాను. ఆఖరి వరస దగ్గర ఆగాను. అది వేరే ఇంకుతో, వేరే చేతిరాతతో ఉంది: "కాపుచినో మిషన్, స్టీమ్ వచ్చేది."

ఆ చేతిరాత మా భాంజాది.

"ఇదేంటి బేటా?" అన్నాను.

"మామూ, ఆఫీసులో అలవాటైపోయింది. బయట తాగితే ప్యాలీకి రెండు వందల పైనే. ఇంట్లో మిషన్ ఉంటే ఆ ఖర్చా మిగులుతుంది కదా" అన్నాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. అమ్మీని ప్రేమగా చూసుకుంటాడు, జుమా తప్పడు. తను అడుగుతున్నది ఏమిటో అతనికి నిజంగానే తెలియలేదు. తన ఖర్చా మిగలడానికి ఇంకొకరి అబ్బా ఖర్చు పెట్టాలని అడుగుతున్నానని అతనికి తట్టలేదు. మనం నేర్పలేదు కాబట్టి తట్టలేదు.

ఆ రాత్రి అమ్మాయి అబ్బా నాకు వాట్సప్‌లో మూడు ఫొటోలు పంపారు. మూడూ కాఫీ మిషన్లే. కింద ఇలా రాశారు: "భాయిసాబ్, వీటిలో ఏది పసంద్ చేస్తారో చెప్పండి. నాకు కాఫీ మిషన్ల గురించి తెలీదు. తప్పుగా అనుకోవద్దు."

లారీ ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ బిగించగల మనిషి, మా వాడి కాఫీ షౌక్ గురించి తనకు తెలియనందుకు నాకు మాఫీ చెప్పుకుంటున్నాడు. ఆ మెసేజ్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటి మిషన్లు కొన్ని వేల నుంచి మొదలై లక్ష దాటేదాకా ఉన్నాయి. ఆయన నగదు పెట్టి కొంటాడా? ఈఎంఐలో కొంటాడు. సూద్ హరాం అని జుమా బయాన్‌లో విని తల ఊపి వచ్చే మనమే, ఒక కలిమాగో భాయిని మన ప్యాలీ కోసం సూద్‌లోకి నెడుతున్నాం.

అందుకే ఇవాళ కాపుచినో గురించి రాస్తున్నాను. మిషన్ లేకుండా ఇంట్లో ఎలా చేసుకోవాలో పూర్తిగా రాస్తాను. ఎందుకంటే ఈ బహానాని మన మగపిల్లల చేతుల్లోంచి తీసేయాలి.

ముందు ఒక తరఫు వాళ్లకి జవాబ్ చెప్పాలి. ఈ సంగతి చెప్పగానే మా మొహల్లాలో ఒక బుజుర్గ్, "అసలు ఆ ఫిరంగీ షరబత్ మన ఇళ్లల్లో ఎందుకు? చాయ్ చాలదా?" అన్నారు. నేను ఒప్పుకోను. పిల్లవాడికి కాఫీ షౌక్ ఉండటం గునా కాదు. పైగా కాఫీ మీద మనకున్నంత పాత హఖ్ ఎవరికుంది? 15వ శతాబ్దంలో యెమన్‌లోని సూఫీలు రాత్రంతా జిక్ర్‌లో మేలుకుని ఉండటానికి దీన్ని తాగేవారు. మన ఖహ్వా అనే మాటే తుర్కుల నోట్లో కహ్వే అయి, ఇటలీలో కఫే అయి, మనకు కాఫీగా తిరిగొచ్చింది. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే మమ్లూక్ అధికారి దీన్ని నిషేధించి చూశాడు. ఆ నిషేధం నిలవలేదు. బాబా బుడన్ అనే సూఫీ బుజుర్గ్ యెమన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని చెప్పుకుంటారు. ఆ కొండల్ని ఇప్పటికీ బాబాబుడన్‌గిరి అనే పిలుస్తారు. ఇవాళ మన ఆంధ్రాలోనే అరకు కొండల్లో ఆదివాసీ రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫిరంగీ అని భయపడాల్సింది ఇందులో ఏమీ లేదు.

ఇక రెండో తరఫు వాళ్లు: "మిషన్ లేకపోతే అది కాపుచినో ఎలా అవుతుంది?" అనేవాళ్లు. మా భాంజా ఈ తరఫే. వీళ్లకి కొంచెం తారీఖ్ చెప్పాలి. కపూచిన్ అనే క్రైస్తవ ఫకీర్ల జమాత్ ఒకటుంది. వాళ్లు గోధుమరంగు జుబ్బా తొడుక్కుంటారు. ఆస్ట్రియాలోని వియన్నా కాఫీ హోటళ్లలో 19వ శతాబ్దంలోనే, కాఫీలో మీగడ కలిపి ఆ జుబ్బా రంగు తెప్పించి, దానికి కపుజీనర్ అని పేరు పెట్టారు. కాపుచినో అనే మాటకి మూలం అదే. మిలాన్‌లో లుయీజీ బెజెరా ఎస్ప్రెసో మిషన్‌కి పేటెంట్ తీసుకున్నది 1901లో. ఇప్పుడు మనం చూసే, గట్టి ఒత్తిడితో పైన బంగారు రంగు నురుగు తెచ్చే రకం మిషన్, అకీలే గజియా చేతుల మీదుగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే బజారుకొచ్చింది. అంటే పేరు ముందు పుట్టింది, మిషన్ తర్వాత పుట్టింది. ఆ పేరు పుట్టిన రోజుల్లో ఎవరి సస్రా కూడా స్టీమ్ మిషన్ కొనివ్వలేదు.

మిషన్ చేసే పనులు రెండే. ఒకటి, మెత్తటి కాఫీ పొడిలోంచి వేడినీళ్లని బలంగా తోసి కడక్ డికాక్షన్ తీయడం. రెండు, ఆవిరితో పాలని వేడి చేస్తూ అందులోకి గాలి ఎక్కించి ఝాగ్, అంటే నురుగు, తేవడం. మన షాదీఖానాల్లో ఒక మూల పెద్ద మిషన్ పెట్టి బుస్సుమని ఆవిరి కొట్టి ఇచ్చే "ఎక్స్‌ప్రెసో" గుర్తుందా? అందులో ఉండేది ఇన్‌స్టంట్ పొడి, చక్కెర, పాలు, పైన చిటికెడు కోకో పొడి. కమాల్ అంతా ఆ ఆవిరిదే. ఈ రెండు పనులకీ మన బావర్చీఖానాలో సామాను ఎప్పటినుంచో ఉంది. ఒకటి స్టీలు కాఫీ ఫిల్టరు. రెండోది కవ్వం.

ఇప్పుడు తర్కీబ్. ఇది రెండు ప్యాలీలకి. ఒక్కో ప్యాలీ 150 మిల్లీలీటర్లు పట్టేది చాలు. అసలు ఇటలీ కాపుచినో కూడా అంతే ఉంటుంది. బయట ఇచ్చే బకెట్లని చూసి మోసపోకండి.

మొదట పొడి. కాఫీ పొడి కొట్టుకెళ్లి చికోరీ లేకుండా మెత్తగా ఆడించి ఇమ్మనండి. చికోరీ కలిపిన పొడి మన మామూలు ఫిల్టర్ కాఫీకి బాగానే ఉంటుంది. కాపుచినోలో మాత్రం కాఫీ రుచి పాలలోంచి తేలాలి, చికోరీ ఎక్కువైతే దాన్ని మింగేస్తుంది. ఒకేసారి కిలో కొనకండి. వంద, రెండు వందల గ్రాములు కొని గాలి తగలని డబ్బాలో పెట్టుకోండి.

ఫిల్టర్ పై గిన్నెలో మూడు పెద్ద చమ్చాల పొడి వేయండి. గోపురంలా కాకుండా సమంగా తీస్తే 15 నుంచి 18 గ్రాములు వస్తుంది. గిన్నె పక్కన మెల్లగా తట్టి సర్ది, లోపలి బిళ్లతో కొద్దిగా నొక్కండి. మరీ గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు, వదులుగా వదిలేస్తే జారిపోయి పల్చగా దిగుతాయి. నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, అర నిమిషం ఆగి 100 మిల్లీలీటర్లు పోయండి. మూత పెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. పొడి కొన్ని నీళ్లు తాగేసి, కింద సుమారు 60 మిల్లీలీటర్ల డికాక్షన్ మిగులుతుంది. ప్యాలీకి 30. దీన్ని మళ్లీ మరిగించకండి, చేదెక్కుతుంది. చల్లారిందనిపిస్తే ఆ గిన్నెని కాసేపు వేడినీళ్లలో నిలబెట్టండి.

రెండోది పాలు. సగం మంది ఇక్కడే ఓడిపోతారు. పాలు ఫ్రిజ్‌లో బాగా చల్లబడి ఉండాలి. చల్లటి పాలు నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి నురుగు పట్టడానికి వ్యవధి దొరుకుతుంది. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, వాటిని ముందే మరిగించక్కర్లేదు. గౌలీ దగ్గర తెచ్చే విడిపాలని మాత్రం ఒకసారి మరిగించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పైన కట్టిన మలాయి మొత్తం తీసేసి వాడండి. మలాయి ముక్క ఉంటే ఝాగ్ సాఫ్‌గా రాదు. బర్రెపాలు చిక్కగా, కమ్మగా ఉంటాయి గానీ నురుగు బరువుగా వస్తుంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే, అందులో నురుగు తేలిగ్గా లేస్తుంది. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది, రుచి ఎక్కువ. నేను రెండూ సగం సగం కలుపుతాను.

రెండు ప్యాలీలకి 200 మిల్లీలీటర్ల పాలు లోతైన చిన్న గిన్నెలో పోసి సన్న మంట మీద పెట్టండి. అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు రాగానే, ఆవిరి లేవగానే, గిన్నెకి బయట చెయ్యి ఆనిస్తే ఒక్క క్షణం కంటే ఉంచలేకపోతే, దించేయండి. అది 60, 65 డిగ్రీల వేడి. మనకి చాయ్ అలవాటు కదా, పాలు పొంగితే గానీ కాగినట్టు అనిపించదు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. 70 డిగ్రీలు దాటితే పాలకి ఉడుకు వాసన వస్తుంది, ఆ తియ్యదనం పోతుంది, నురుగు నిలబడదు.

మూడోది ఝాగ్. గిన్నె కొంచెం వంచి పట్టుకుని, కవ్వం తల పాల పైభాగంలో ఉండేలా పెట్టి, అరచేతుల మధ్య జోరుగా తిప్పండి. మొదటి అర నిమిషం గాలి లోపలికి పోవాలి, కాబట్టి కవ్వం పైపైనే ఉండాలి. తర్వాత అర నిమిషం కిందికి దించి తిప్పితే పెద్ద బుడగలు చిన్నవవుతాయి. కవ్వం లేకపోతే రెండు మూడు వందలకి దొరికే బ్యాటరీ విస్కర్ చాలు. సీసాలో పోసి ఊపడం కూడా ఒక పద్ధతే గానీ, వేడి పాలని మూత బిగించి ఊపితే లోపల ఆవిరి పెరిగి చెయ్యి కాలుతుంది. పిల్లలున్న ఇళ్లల్లో వద్దు. నురుగు లేచాక గిన్నెని గట్టు మీద రెండుసార్లు తట్టండి, పెద్ద బుడగలు పగిలిపోతాయి. గిన్నెని గుండ్రంగా తిప్పండి, పాలు మెరుస్తాయి. ఇక ఆగకండి. రెండు నిమిషాలు ఆగితే పాలు వేరు, నురుగు వేరు అయిపోతాయి.

ఆఖరిది కలపడం. ముందు ప్యాలీలో డికాక్షన్. చక్కెర కావాలంటే ఇప్పుడే కలపండి, తర్వాత కలిపితే నురుగు చెదిరిపోతుంది. చమ్చాతో నురుగుని ఆపుతూ పాలని ప్యాలీ మధ్యలో పోయండి. చివర్లో చమ్చాతో నురుగు తీసి పైన ఒక వేలు మందాన పరచండి. ఇష్టమైతే కోకో పొడి చల్లుకోండి. కాపుచినో తయార్.

మనలో చాలామంది ఇన్‌స్టంట్ పొడి, చక్కెర, చమ్చాడు నీళ్లు వేసి తెల్లబడేదాకా ఫేంటి, పైన వేడి పాలు పోసి దాన్నే కాపుచినో అంటారు. ఫేంటీ హుయీ కాఫీ మంచిదే, వానాకాలంలో నేనూ తాగుతాను. కానీ అందులో నురుగు కాఫీది, చక్కెరది. కాపుచినోలో నురుగు పాలది. రెండూ వేరే వేరే జాయికాలు.

ఇప్పుడు హిసాబ్. పొడి కిలో వెయ్యి రూపాయలనుకున్నా ప్యాలీకి పడే 9 గ్రాములకి 9 రూపాయలు. పాలు లీటరు 70 అనుకున్నా ప్యాలీకి 7 రూపాయలు. చక్కెర, గ్యాసు కలిపినా 20 దాటదు. ఫిల్టరు, కవ్వం కొత్తగా కొన్నా వెయ్యి రూపాయల లోపే. మరి ఆ మిషన్ ఎవరి హిసాబ్‌లో రాశారు?

ఇన్సాఫ్‌గా ఒక మాట ఒప్పుకుంటాను. మిషన్ వాతావరణానికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో కాఫీని తోస్తుంది. ఆ చిక్కదనం, పైన ఆ బంగారు తెట్టు మన ఫిల్టర్‌లో రావు. రెండూ ఒకటేనని నేను అబద్ధం చెప్పను. ఆ తేడా కోసం ప్రాణం పెట్టే షౌకీన్లు ఉంటారు. వాళ్లు తమ హలాల్ కమాయిలోంచి కూడబెట్టుకుని, తమ పేరు మీద, తమ డబ్బుతో కొనుక్కోవాలి. షౌక్ నీదైతే జేబు కూడా నీదే ఉండాలి. దీనికి ఫత్వా అక్కర్లేదు, గైరత్ చాలు.

"మేం అడగలేదు, వాళ్లే ఖుషీ సే ఇస్తున్నారు" అంటారు. మా చెల్లెలు కూడా అదే అంది. అడగకపోతే ఆ కాగితం ఎందుకు రాశావమ్మా? "తప్పుగా అనుకోవద్దు" అని రాత్రి పదకొండు గంటలకి మెసేజ్ పెట్టే ఖుషీ ఎక్కడైనా ఉంటుందా? కూతురు పరాయి ఇంట్లో మాటలు పడకూడదని భయపడే అబ్బా నవ్వుతూ ఇస్తాడు. ఆ నవ్వుని మనం ఖుషీ అని రాసుకుంటాం.

"మిషన్ అమ్మాయే వాడుకుంటుంది కదా" అంటారు. ఇదే అన్నిటికంటే పెద్ద ధోకా. పెళ్లయ్యాక ఆదివారం దోస్తులొస్తే మావాడు సోఫాలోంచి లేస్తాడా? "జరా చార్ కాపుచినో" అని లోపలికి కేక వేస్తాడు. మిషనూ ఆమె అబ్బా దగ్గర నుంచే రావాలి, దాన్ని నడిపే చేతులూ ఆ ఇంటినుంచే రావాలి. తాగే నోరు మాత్రం మనది.

"జహేజ్ సున్నత్, హజ్రత్ ఫాతిమా (ర.అ.)కి కూడా ఇచ్చారు" అంటారు. ఏమిచ్చారో హదీసుల్లో ఉంది: ఒక దుప్పటి, ఒక తోలు నీళ్ల సంచి, గడ్డి నింపిన ఒక దిండు. అంతకుముందు హజ్రత్ అలీ (ర.అ.)ని మహర్‌గా ఏమిస్తావని అడిగితే, ఆయన దగ్గరున్న జిరహ్, యుద్ధంలో తొడిగే కవచం, ఇచ్చారని కూడా హదీసుల్లోనే ఉంది. అడిగింది అబ్బాయిని. అమ్మాయి తరఫు వాళ్లకి ఎవరూ ఫెహ్‌రిస్త్ పంపలేదు. సూరె నిసా 4వ ఆయత్ స్త్రీలకి వాళ్ల మహర్ మనస్ఫూర్తిగా ఇవ్వమని మగవాళ్లకి హుకుం చేస్తుంది. మనం ఆ ఆయత్‌ని తిరగేసి చదువుతున్నాం. మహర్ ఏదో ఒక చిన్న అంకె వేసి, అదీ ఉధార్ పెట్టి, జహేజ్ మాత్రం మంగ్నీ కంటే ముందే నగద్‌గా రాయించుకుంటున్నాం.

దీన్ మాట పక్కన పెట్టినా దేశంలో కానూన్ ఉంది. 1961 వరకట్న నిషేధ చట్టం మనకీ వర్తిస్తుంది. అందులో మహర్‌కి మినహాయింపు ఇచ్చారు, అడిగి తీసుకునే జహేజ్‌కి ఇవ్వలేదు. తీసుకోవడమే కాదు, అడగడం కూడా నేరమే. బీరువాలో దాచుకున్న ఆ కాగితం సుబూత్ అవుతుందని మన ఆడపడుచులకి ఎవరు చెప్పాలి?

ఇంతా రాసి నేను పాక్ దామన్ అని చెప్పుకుంటే అది మునాఫికత్ అవుతుంది. ఇరవై ఏడేళ్ల కింద నా నిఖాకి నేను చేతక్ స్కూటర్ తీసుకున్నాను. నేను నోరు తెరిచి అడగలేదు, మా ఫూఫు అడిగింది. నేను కాదనలేదు. దాని మీద కర్నూలు అంతా తిరిగాను. మూడేళ్ల తర్వాత ఒకరోజు మా బీవీ వాళ్ల అమ్మీ చేతులు బోసిగా ఎందుకుంటాయో మాటల్లో మాటగా చెప్పింది. గాజులు స్కూటర్‌కి పోయాయట. ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు, బియ్యం అయిపోయాయని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. ఆ స్కూటర్ ఎప్పుడో తుక్కులోకి పోయింది. మా సాస్ ఇంతఖాల్ అయ్యేదాకా ఆ చేతులు అలాగే ఉన్నాయి. నేను గాజులు చేయిస్తానంటే వద్దన్నారు. అందుకని ఈ మాటలు రాసే హఖ్ నాకు లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ బోసి చేతులు చూసినవాణ్ణి నేను కాబట్టి నేనే రాయాలి.

ఆ వచ్చిన ఆదివారం అసర్ తర్వాత భాంజాని మా ఇంటికి పిలిచాను. ఫిల్టరు, పొడి, పాలు, మా దాదీమా కాలం నాటి కవ్వం ముందర పెట్టి, "నువ్వే చెయ్యి బేటా" అన్నాను. మొదటిసారి మాటల్లో పడి పాలు పొంగించేశాడు. మలాయి తేలింది, నురుగు నిలవలేదు. రెండోసారి డికాక్షన్ దిగేదాకా ఓపిక పట్టలేక మూత తీసి కెలికాడు, పొడి కిందికి జారింది. మూడోసారి కుదిరింది. తాగి చూసి, "మామూ, ఆఫీసులో ఉన్నంత కడక్ లేదు. కానీ మస్త్ ఉంది" అన్నాడు. నిజాయితీ ఉన్న పిల్లవాడని చెప్పాను కదా.

మొదటి ప్యాలీ మీ మామీకి ఇవ్వమన్నాను. ఆమె బావర్చీఖానాలోంచి వచ్చి కుర్చీలో కూర్చుని తాగింది. మా ఇంట్లో చాయ్ అందరికీ పోశాక, ఆఖర్న మిగిలింది, చల్లారింది నిలబడి తాగేది ఆమే. ఇన్నేళ్లలో ఇది నాకు కనపడలేదు. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారని హజ్రత్ ఆయిషా (ర.అ.) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. మనం గడ్డం సున్నత్ పాటిస్తాం, మిస్వాక్ సున్నత్ పాటిస్తాం, ఈ సున్నత్ దగ్గరికొచ్చేసరికి సోఫాలో కాళ్లు చాపుతాం. మామీ ప్యాలీ ఖాళీ చేసి, "చక్కెర తక్కువైంది" అంది. మావాడు ఇంకో ప్యాలీ చేసి తెచ్చాడు.

వెళ్లేముందు అతనే కాగితం అడిగి ఆఖరి వరస కొట్టేశాడు. నేను అమ్మాయి అబ్బాకి మెసేజ్ పెట్టాను: "భాయిసాబ్, మిషన్ వద్దు. అబ్బాయికి కాఫీ చేయడం వచ్చింది." కాసేపటికి జవాబ్ వచ్చింది: "బహుత్ షుక్రియా భాయిసాబ్." ఆ షుక్రియా చదివితే నాకు ఇంకా ఎక్కువ శర్మ్ అనిపించింది. జేబులో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంటే దానికి షుక్రియా చెప్పించుకునే స్థితికి వచ్చాం మనం.

ఆ కాగితంలో పై వరసలన్నీ అలాగే ఉన్నాయి. ఫ్రిజ్ ఉంది, ఏసీ ఉంది, బీరువా ఉంది. మా చెల్లెలు నాతో మాట్లాడటం లేదు. "సమ్‌ధీల ముందు మన ఇజ్జత్ తీశారు" అని ఎవరితోనో అందట. ఆ కాగితం అలాగే ఉంటే మంగ్నీలో పెద్దవాడిగా నేను కూర్చోనని కబురు పంపాను. భాంజా రోజూ ఫోన్ చేస్తున్నాడు. నిన్న, "మామూ, ఫ్రిజ్ నా జీతంతో కొనొచ్చు కదా?" అన్నాడు. కొనొచ్చు బేటా. ఏసీ కూడా కొనొచ్చు. వచ్చే ఏడాది కొనుక్కో, ఈ ఎండాకాలం ఫ్యాన్‌తో గడుస్తుంది.

ఇది చదివే భాయిలూ, ఆపాలూ, మీ ఇంట్లో కూడా రిష్తా మాటలు నడుస్తుంటే ఆ కాగితం ఒకసారి బయటికి తీయండి. ఒక్కో వరస ముందు, ఇది ఎవరి షౌక్, ఎవరి జేబు అని అడగండి. కాగితం లేకపోతే అల్‌హందులిల్లాహ్, మీ అబ్బాయిని పిలిచి పాలు ఫ్రిజ్‌లో పెట్టమనండి. రేపు అసర్ తర్వాత మొదటి ప్యాలీ వాళ్ల అమ్మీకి ఇవ్వాలని చెప్పండి, కూర్చోబెట్టి, వేడిగా.

అల్లాహ్ హాఫిజ్.